ఆదికి పంపిన గొట్టం

మార్చి 4, మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వూ, నీ మిషనూ, నీ మొండితనమూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ బావ కొత్త పళ్ళు కట్టించుకున్నాడు. వారం నుంచి అద్దం వదలడం లేదు. నవ్వు రాకపోయినా నవ్వుతున్నాడు.

ఫోన్లో చెప్పాల్సిన సంగతే. కానీ ముప్పై ఏళ్ళ కుట్టుమిషను చప్పుడుకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. నేను అరవాలి, నువ్వు తప్ప ఇరుగుపొరుగంతా వినాలి. పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకని ఎప్పట్లాగే ఉత్తరం.

ఈ పొట్లంలో రెండు గొట్టాలున్నాయి. వేలెడేసి ఉంటాయి, ఆకుపచ్చ మూతలు. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష ఇది. సూది లేదు, పస్తు లేదు, ఆస్పత్రి గుమ్మం తొక్కే పని లేదు. నీ దుకాణం వెనక నీ గదిలోనే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

నాన్న సంగతి మళ్ళీ రాయనా? రెండేళ్ళు రక్తం పడుతుంటే మొలలే అని మనకి చెప్పకుండా దాచాడు. చూపించేసరికి పేగులో పుట్టిన క్యాన్సరు కాలేయం దాకా పాకింది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. నీకు యాభై రెండొచ్చాయి. తండ్రికి ఉన్నప్పుడు పిల్లలు నేరుగా పేగులోకి కెమెరా వేయించుకుని చూపించుకోవాలని మా డాక్టరమ్మ ఎప్పట్నుంచో పోరుతోంది. ఆ మాట ఎత్తితే నువ్వు కత్తెర పడేసి పారిపోతావు. సరే, కనీసం ఇదైనా చెయ్యి.

చేసే పద్ధతి: పాత కాగితం పరిచి దానిమీద పని కానివ్వు. మూతకే ఒక పుల్ల ఉంటుంది, చివర గాట్లుంటాయి. నాలుగైదు చోట్ల గుచ్చు. గాట్లు నిండితే చాలు. మళ్ళీ గొట్టంలోకి నెట్టి టప్పుమనేదాకా బిగించు. నీ సంగతి నాకు తెలుసు, కుక్కి కుక్కి పెడతావు. ఎక్కువైతే మా లాబ్ మిషను మొరాయిస్తుంది.

అందుకే రెండో గొట్టం. నాన్న మనకి ఏదీ మాటల్తో నేర్పలేదు కదా. కుట్టిన కాలరు ఒకటి, కుట్టనిది ఒకటి పక్కపక్కన పెట్టి, "ఆది చూసి చెయ్యండి" అని తన పనిలో పడిపోయేవాడు. నేనూ అదే చేశాను. ఒక గొట్టం నేను చేసి పంపిస్తున్నాను. రంగునీళ్ళు పోసి పంపితే ఎంత ఉండాలో నీకు తెలియదు కాబట్టి నాదే పెట్టాను. ముక్కు మూసుకోకు, వాసన రాదు. అడుగున నీళ్ళు ఎంత మబ్బుగా మారాయో చూడు, నీదీ అంతే ఉండాలి. దానిమీద 'ఆది' అని కాగితం అంటించాను. ఖాళీది నీది. నీ పేరూ నంబరూ ఉన్న చీటీ, మా లాబ్ చిరునామా రాసిన కవరు విడిగా ఉన్నాయి.

పదహారేళ్ళుగా రోజుకి రెండొందల గొట్టాలు చూస్తున్న దాన్ని. ఒక్క తమ్ముడిది చూడలేకపోతే ఈ ఉద్యోగం ఎందుకు?

నీ అక్క

&nbsp;

మార్చి 12, బుధవారం

అక్కా,

నీ పొట్లం అందింది. అందరి అక్కలూ తమ్ముళ్ళకి తినేవి పంపుతారు. నా అక్క ఏం పంపిందో పక్క దుకాణం వాడికి చెప్పుకోలేక చచ్చాను. వాడేమో విప్పమని ఒకటే గొడవ. గుండీలు అని చెప్పి తప్పించుకున్నాను.

ఆది చూశాను. నీ చేతిపని ఎప్పుడూ నీటుగానే ఉంటుంది, వంక పెట్టడానికి లేదు.

ఇక్కడ పని తల మునిగిపోయేలా ఉంది. సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు అరవై జతల యూనిఫారాలు కుట్టే పని ఒప్పజెప్పారు. అరవై మందిలో యాభై మందికి పొట్టలున్నాయి. ఇవతల నిలబడి టేపు వేస్తే అవతలి కొస చేతికి అందడం లేదు. ఊపిరి బిగబట్టి కొలతలిచ్చి, కుట్టాక బిగుతైందని నా మీద పడతారు.

గొట్టం ఈరోజు పొద్దున పోస్టులో వేశాను. చీటీ తిన్నగానే అంటించాను. ఇక నన్ను వదిలెయ్ తల్లీ. బావ నవ్వు చూడాలని ఉంది, ఫోటో పంపు.

నీ తమ్ముడు

&nbsp;

మార్చి 20, గురువారం

ఒరేయ్,

పని ఆపి ఇది చదువు.

నీ గొట్టం సోమవారం వచ్చింది. ఎవరికీ ఇవ్వకుండా నేనే మిషనులో పెట్టాను. మా దగ్గర హద్దు ఇరవై. అది దాటితే రక్తం ఉన్నట్టు లెక్క. నీది నూట ఎనభై ఆరు వచ్చింది.

నాకు నమ్మకం కలగలేదు. మిషను కడిగి మళ్ళీ పెట్టాను. నూట తొంభై ఒకటి. నా పక్క సీటావిడ ఏదో అడుగుతోంది, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. రిజిస్టరులో నీ పేరుకి ఎదురుగా ఆ అంకె రాసి, స్టోరు గదిలోకి వెళ్ళి అట్టపెట్టెల మధ్య కూలబడ్డాను. నా కళ్ళ ముందు నువ్వు లేవురా. నాన్న చివరి రోజుల్లో మంచం మీద పరిచిన రక్తపు గుడ్డలున్నాయి.

విను. రక్తం ఉన్నంత మాత్రాన క్యాన్సరని కాదు. వందమందికి ఇలా వస్తే చాలామందికి అది కాదు. మొలలు కావచ్చు, పేగులో చిన్న బుడిపెలు కావచ్చు. బుడిపెలైతే చూసినప్పుడే తీసేస్తారు. కానీ ఇలా వచ్చాక కెమెరా పరీక్ష తప్పదు. డాక్టరమ్మని బతిమాలి ఏప్రిల్ 3కి నీ పేరు రాయించాను. రెండు రోజుల ముందే వచ్చెయ్. యూనిఫారాలు ఎక్కడివక్కడ వదిలేసి రా.

నువ్వు ఒక్కడివే ఆ గదిలో ఈ ఉత్తరం చదువుతావని నాకు తెలుసు. నీళ్ళు తాగు. కంగారు పడకు. నేనున్నాను.

నీ అక్క

&nbsp;

మార్చి 25, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నిన్న ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కత్తిరించాను.

నిన్ను కొన్ని అడుగుతాను, వెటకారం చేయకుండా జవాబు రాయి. ఈమధ్య నీకు ఆకలి ఎలా ఉంది? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? దొడ్డికి వెళ్ళడంలో ఏమైనా తేడా ఉందా?

నా కొలతల పుస్తకంలో నీ పేజీ తీశాను. మూడేళ్ళ కిందట నడుము ముప్పై ఆరు. కిందటేడు ముప్పై నాలుగున్నర. మొన్న డిసెంబరులో జాకెట్లన్నీ వదులయ్యాయని తెచ్చి లోపలికి కుట్లు వేయించుకున్నప్పుడు ముప్పై మూడు. చిక్కావని అప్పుడు నేనే మెచ్చుకున్నాను. ఎందుకు చిక్కావక్కా?

ఇంకొకటి. గొట్టం పదీ పన్నెండు రోజులు పాతబడితే లేని రక్తం ఉన్నట్టు చూపిస్తుందా? మిషను ఎప్పుడైనా తప్పు చెప్పిందా? ఈ రెండూ ముందు రాయి.

తమ్ముడు

&nbsp;

మార్చి 29, శనివారం

ఏరా,

ప్రాణం మీదికొచ్చింది నీకు, నువ్వేమో నా నడుము కొలతలు తవ్వుతున్నావు! మాట మార్చడంలో నువ్వు నాన్నకి తాతవి. ఆయనా ఇంతే. కడుపు నొప్పా నాన్నా అంటే నీ చదువెలా ఉందమ్మా అనేవాడు.

నా ఆకలి సంగతా? నీ ఫలితం చూసినప్పట్నుంచి తిండి సహించడం లేదు, సరేనా? ఆయాసం అంటావా, లిఫ్టు చెడిపోయి రెండు నెలలైంది, మూడు అంతస్తులెక్కితే నువ్వూ ఆయాసపడతావు. చిక్కానంటే పొద్దున్నే నడుస్తున్నాను కాబట్టి చిక్కాను. నా గురించి ఇక ఒక్క మాట రాయకు.

పాతబడితే రక్తం జాడ చెరిగిపోతుందే గానీ కొత్తగా పుట్టదు. మిషను తప్పేమో అనుకునే రెండోసారి పెట్టాను. ఆశలు పెట్టుకోకు. అది నిజమైన అంకె, ఆ గొట్టంలో రక్తం ఉంది.

ఏప్రిల్ 3న నువ్వు రాకపోతే 4న నేను అక్కడుంటాను. పక్క దుకాణం వాడి ముందే చెవి పట్టుకుని లాక్కొస్తాను.

అక్క

&nbsp;

ఏప్రిల్ 7, సోమవారం

అక్కా,

నేను 3న రాలేదు. 4న నువ్వూ రాలేదు. బావకి మెసేజి పెట్టి, తనకి జ్వరమని చెప్పించి నిన్ను ఆపింది నేనే, ఆయన్ని తిట్టకు. ఆయనకి అసలు సంగతి చెప్పలేదు, పనిమీద నేనే అక్కడికి వస్తున్నానని అబద్ధమాడాను.

ఇది నిలబడి చదవకు. కూర్చో. బావని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

ఆ గొట్టం నాది కాదు, నీది.

నువ్వు చెప్పినట్టే కాగితం పరిచాను, మూత తిప్పాను, పుల్ల చేత్తో పట్టుకున్నాను. అంతే, నాన్న గుర్తొచ్చాడు. ఆయన బట్టలు ఉతికింది నేనే కదా. ఆ మరకలు గుర్తొచ్చాయి. నాదాంట్లోనూ రక్తం ఉందని తేలితే ఒక్కణ్ణి ఏమైపోవాలి అనుకుని మూత మళ్ళీ బిగించేశాను. ఎదురుగా నీ గొట్టం ఉంది. మా అక్క ఉక్కు మనిషి, ఆవిడకేం ఉంటుంది అనుకున్నాను. 'ఆది' అన్న కాగితం గోటితో గీకి పీకేసి, నా చీటీ దానిమీద అంటించాను. నువ్వు 'బాగుందిరా' అంటావు, ఇంకో ఏడాది నా జోలికి రావు, అంతే అనుకున్నాను. వెధవ పని. మనిషన్నవాడు చేసే పని కాదు.

నీ ఉత్తరం చదివిన రోజే చెప్పాలి. చెప్పలేకపోయాను. నూట ఎనభై ఆరు అని చదివినప్పుడు నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. చొక్కా కాలి పొగ వచ్చేదాకా నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇంకో పిచ్చి ఆశ. నాదీ చేయించి చూద్దాం, నాకూ రక్తం ఉందని వస్తే ఈ పరీక్షలే వట్టివని తేలిపోతుంది కదా అని. మా వీధి చివర లాబ్‌కి వెళ్ళాను. వాళ్ళ గొట్టమే ఇచ్చారు. ఈసారి వెనకాడలేదు. శనివారం కాగితం ఇచ్చారు. నాకు రక్తం లేదట. లేదు అన్న మాట చదివి ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పద్దెనిమిది రోజులు పోగొట్టాను. నన్ను కొట్టు, చంపు, జన్మలో మొహం చూడనను. ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు

&nbsp;

ఏప్రిల్ 11, శుక్రవారం

మీ బావే చదివి వినిపించాడు. సగంలో ఆపేశాడు. నేను లాక్కుని చదివాను. కుక్కరు మాడిపోయి ఇల్లంతా పొగ నిండినా ఎవరం లేవలేదు.

ఆ మూత బిగించింది నేను. మిషనులో పెట్టింది నేను. అంకె చూసింది, నమ్మక మళ్ళీ పెట్టింది, నీ పేరుకెదురుగా రాసింది అన్నీ నేనే. స్టోరు గదిలో కూర్చుని నీకోసం ఏడ్చాను. నా గురించి నేనే ఏడుస్తున్నానని నాకు తెలియదు.

ఒకటి చెప్పనా? పదహారేళ్ళలో నా గొట్టం నేను ఎప్పుడూ పెట్టుకోలేదు. ఏటా గొట్టం ఇంటికి తెచ్చుకునేదాన్ని, ఏటా తారీఖు దాటిపోయి పారేసేదాన్ని. డాక్టరమ్మ కెమెరా పరీక్ష చేయించుకోమని పోరింది నిన్ను ఒక్కణ్ణే అనుకున్నావా? నాన్న నాకూ నాన్నే కదా. నిన్ను ముందు పెట్టి నేను వెనక దాక్కున్నాను. నీకు చూపించడానికి కాకపోతే ఆ మూత కూడా తిప్పేదాన్ని కాదు.

అయినా మొలలే అయ్యుంటాయి. ఈమధ్య మలబద్ధకంగా ఉంటోంది, గట్టిగా వెళ్తే రక్తం రాదా ఏం? లాబ్‌లో ఇద్దరు సెలవులో ఉన్నారు. ఎండలు పోనీ, జులైలో చూద్దాం. నాకు నొప్పి లేదు, నేను బాగానే ఉన్నాను.

నువ్వు చేసిన పనికి నీమీద కోపం రావాలి. రావడం లేదు. ఏమీ రావడం లేదు. చేతులు కాళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి. కొన్నాళ్ళు నాకు ఉత్తరాలు రాయకు.

అక్క

&nbsp;

ఏప్రిల్ 24, గురువారం

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. మొలలే అయ్యుంటాయి, నొప్పి లేదు, కొన్నాళ్ళు పోనీ. ఇవి నీ మాటలు కావు. నాన్న మాటలు, ఒక్కటి కూడా మార్చకుండా రాశావు. చదువుతుంటే ఆయన గొంతే వినపడింది. చెవిటివాణ్ణి, నాకే వినపడింది.

ఇప్పుడు నువ్వు కూర్చో. నిన్న మీ ఆస్పత్రిలో నేను కెమెరా పరీక్ష చేయించుకున్నాను.

అవును, మీ ఆస్పత్రిలోనే. నువ్వు కింద లాబ్‌లో ఉన్నావు, నీ నెత్తిమీద రెండు అంతస్తుల పైన నేను బల్లమీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. మత్తు ఇస్తారు, తోడు మనిషి ఉండాలన్నారు. బావ వచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గరికని నీకు చెప్పి వచ్చాడు. నా గది బయట కూర్చుని ఆ కొత్త పళ్ళు జేబులో పెట్టుకుని ఏడ్చాడట, నర్సు చెప్పింది.

ఉన్నదున్నట్టు రాస్తాను, నీకు పనికొస్తుంది. పరీక్ష కష్టం కాదు, ముందురోజే కష్టం. పేగు కడగడానికి లీటర్ల కొద్దీ మందునీళ్ళు తాగించారు. మీ ఇంటికి రాకుండా ఆస్పత్రి పక్క సత్రంలో దిగాను. ఆ సత్రంలో నేను చూసిందల్లా మరుగుదొడ్డి ఒక్కటే, దానికి కిటికీ కూడా లేదు. మర్నాడు సూది వేసి అంకెలు లెక్కపెట్టమన్నారు. ఆరు దాకా గుర్తుంది. తర్వాత ఎవరో చెంప తడుతున్నారు, అయిపోయిందట.

రెండు బుడిపెలున్నాయి. ఒకటి గుండీ అంత, ఒకటి బఠానీ గింజంత. అప్పటికప్పుడే తీసేశారు. అవి ఇంకా క్యాన్సరు కాదు, వదిలేస్తే కొన్నేళ్ళకి కావచ్చునంది డాక్టరమ్మ. నేను నోరు వెళ్ళబెట్టాను. రక్తం లేదని కాగితం ఇచ్చారు కదమ్మా అంటే, రక్తం కారని బుడిపెలు ఆ పరీక్షకి దొరకవు, అందుకే మీ అక్కాతమ్ముళ్ళని నేరుగా దీనికే రమ్మన్నాను అని మొట్టికాయ వేసినంత పని చేసింది. నీ గొట్టం నన్ను ఇక్కడికి లాక్కురాకపోతే నేను ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి.

కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి నా రిపోర్టు, ఫోటోలతో సహా. రెండోది నీ పేరు రాయించిన ఫారం. మే 2, పొద్దున ఎనిమిదింటికి. సంతకం చోటు ఖాళీగా ఉంది.

ఒకటి పూర్తయింది, ఒకటి ఖాళీ. ఆది చూసి చెయ్యి.

నీ తమ్ముడు

&nbsp;

మే 13, మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

సంతకం పెట్టాను. వెళ్ళాను. నీకు ఫోన్లో అరిచి చెప్పడం నాకు చేతకాక, మీ బావకి చేతకాక, ఇన్నాళ్ళు ఆగాను. పేగులోంచి తీసి పరీక్షకి పంపిన ముక్క ఫలితం నిన్న వచ్చింది.

ఉందిరా. క్యాన్సరే. ఎడమవైపు, నాన్నకి ఉన్నచోటే. ఫోటో చూపించారు. నిమ్మకాయ బద్దంత ఉంది. డాక్టరమ్మ మాట్లాడుతుంటే ఆవిడ పెదాలు కదలడం కనిపించింది గానీ నాకు ఒక్క మాట వినపడలేదు. నీకు లోకం ఎలా ఉంటుందో ఆ కాసేపు తెలిసింది. మీ బావ అన్నీ కాగితం మీద రాసుకున్నాడు, ఇంటికొచ్చి చదివాడు.

స్కానులో కాలేయం శుభ్రంగా ఉంది. పేగు గోడ దాటినట్టు కనపడటం లేదు. మిగతాది కోసి చూశాకే తెలుస్తుంది. మే 21న ఆపరేషను. జులై దాకా ఆగుదామనుకున్నానని ఆవిడకి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టి నా మొహం చూసింది.

లాబ్‌లో పై అధికారికి జరిగిందంతా చెప్పేశాను. గొట్టాలు ఇంటి నుంచి ఇలా పంపినందుకు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత తనే కుర్చీ తెచ్చి కూర్చోమన్నాడు. రిజిస్టరులో మార్చి 17 పేజీ తీయించాను. నూట ఎనభై ఆరు అన్నచోట నీ పేరు కొట్టేసి, నా పేరు నేనే రాశాను. నీ పేరు మీద గీత గీస్తున్నప్పుడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి, హమ్మయ్య అనిపించింది.

నువ్వు చేసింది మోసమే. ఆ మోసం చేయకపోతే నా గొట్టం నీ చెత్తబుట్టలోకి పోయేది. నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో తేల్చుకోలేక రెండూ మానేశాను. ఆపరేషనయ్యాక తేలుస్తాను, తప్పించుకోలేవు.

20కల్లా రా. సత్రంలో కాదు, ఇంటికి రా. టేపు తెచ్చుకో. పాత ఆది జాకెట్టు పారేశాను, కొలతలు మళ్ళీ తియ్యాలి. నాలుగు కుట్టు. ఇప్పటి నడుముకే కుట్టు గానీ, లోపల గుడ్డ ఎక్కువే వదిలిపెట్టు. నేను మళ్ళీ లావవుతాను, అప్పుడు కుట్లు విప్పుకోవాలి.

నీ అక్క